ఉస్తాద్‌కి రాని సర్టిఫికెట్

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఎవరిని కదిపినా విదేశాలకు వెళ్లే పాయింట్ల గోలే. "భోంచేశారా" అన్నంత మామూలుగా "ఎన్ని పాయింట్లు వస్తున్నాయి?" అని అడిగేవారు. ఏ.ఎస్. రావు నగర్‌లో కూరగాయల బండి దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు కూడా వయసుకెన్ని, డిగ్రీకెన్ని, ఇంగ్లీషు పరీక్షకెన్ని అని వేళ్లు మడిచి లెక్కలు వేసుకునేవారు. కంప్యూటర్ పని తెలిసినవాళ్లు కావాలని దేశదేశాలు పిలుస్తున్నాయి. పిలిచి ఊరుకుంటాయా? మనకు నిజంగా పని వచ్చో రాదో తేల్చడానికి ఒక్కో దేశంలో ఒక్కో సంస్థ ఉండేది. కాగితాలు పంపితే వాళ్లు చూసి, ఈ మనిషి మా లెక్కలో నిపుణుడే అనో, కాదు అనో ఒక ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరం కోసం జనం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

చిత్రమేమిటంటే, ఒకే మనిషి ఒక దేశం తూకంలో ఇంజనీరు, పక్క దేశం తూకంలో టెక్నీషియను, మూడో దేశం తూకంలో ఏమీ కాడు. మనిషి మారలేదు, తూకపురాయి మారిందంతే. నా దగ్గర అలాంటి ఉత్తరం ఒకటుంది. సాఫ్ట్‌వేర్ రాయడంలో నేను నిపుణురాలినని సముద్రం అవతల ఒక దేశం ముద్ర వేసి మరీ చెప్పింది. ఏడ్చినట్టే ఉంది వాళ్ల తెలివి. ఆ నైపుణ్యం ఎవరిదో ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి తప్ప.

మాది విజయనగరం వైపు. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశాం. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తవగానే ఒక ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నన్ను టెస్టింగ్ సెక్షన్‌లో వేశారు. పెద్ద పెద్ద కంట్రోల్ ప్యానెళ్లలో పెట్టే ఎలక్ట్రానిక్ కార్డులు తయారై మా దగ్గరికి వచ్చేవి. అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసి పంపడం మా పని. నేను ఆఫీసర్‌ని. నా కింద పనిచేసే టెక్నీషియన్ నాకంటే పదమూడేళ్లు పెద్ద. ఐటీఐ చదివాడు. మారేడ్‌పల్లిలో పుట్టి పెరిగినవాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. పేరుతో పిలవగా నేను వినలేదు.

చేరిన వారంలోనే నేను ఒక కార్డుకు వైర్లు తిరగేసి తగిలించి దాన్ని కాల్చేశాను. పొగ వచ్చింది, వాసన వచ్చింది, వెనకాలే మా సెక్షన్ మేనేజరూ వచ్చాడు. ఉస్తాద్ నన్ను పక్కకు జరిపి, "మీటర్ ఖరాబుంది సార్. నేను పొద్దుగాలనే చూసుకోవాల్సుండె," అన్నాడు. మేనేజర్ ఆయన్ని రెండు మాటలని వెళ్లిపోయాడు. తర్వాత ఉస్తాద్ ఏం జరగనట్టే నాకు వైర్లు ఎలా తగిలించాలో చూపించాడు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినదానికి ఆ పూట నిజంగా పని నేర్పినవాడు ఆయన.

ఒక్కో కార్డును మీటరు పట్టుకుని చేత్తో పరీక్షిస్తే పూటంతా పట్టేది. మా సెక్షన్‌కి ఒక కంప్యూటర్ ఇచ్చారు. ఆఫీసర్లం దాని మీద ఉత్తరాలు కొట్టేవాళ్లం, ఖాళీ దొరికితే పేకాట ఆడేవాళ్లం. ఉస్తాద్ మాత్రం రోజూ షిఫ్ట్ కంటే గంట ముందొచ్చి దాని ముందు కూర్చునేవాడు. పాత పుస్తకాలవాడి దగ్గర అట్ట లేని ప్రోగ్రామింగ్ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేవాడు. రెండేళ్లు అలా కుస్తీ పట్టాడు. మేం నవ్వుకున్నాం కూడా. ఓ రోజు కార్డును కంప్యూటర్‌కి తగిలించి ఒక మీట నొక్కాడు. తెరమీద ఒక్కో వరుసా పచ్చగా వచ్చుకుంటూ పోయి, చెడిపోయిన చోట ఎర్రగా ఆగింది. పూటంతా పట్టే పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నేను నోరు వెళ్లబెట్టాను.

అలాంటి కొత్త పద్ధతి ఏది వచ్చినా కాగితం మీద పెట్టి పైకి పంపాలి. ఆ కాగితం అడుగున మూడు గడులుండేవి. తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మూడింట్లోనూ ఆఫీసర్లే సంతకం పెట్టాలని రూలు. టెక్నీషియన్‌కి గడే లేదు.

"ఉస్తాద్, ఇది మీరు రాసింది కదా, నేనెలా పెట్టను?" అన్నాను మొదటిసారి. ఆ మాటైతే అన్నాను, అబద్ధమాడను.

"ఎవరు రాస్తే ఏందీ మేడం? నా సంతకం ఉంటె గా కాగితం గేటు సుత దాటది. మీరు పెట్టుండ్రి. పని నడవాలె గదా," అన్నాడాయన.

పెట్టాను. ప్రోగ్రాం మొదటి వరుసలో రాసినవారి పేరు ఉండాలన్నారని అక్కడా నా పేరు ఆయనే టైపు చేశాడు. మొదటిసారి ఆయన్ని అడిగి పెట్టాను. రెండోసారి అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్లలో ఆయన ఒక్కో రకం కార్డుకి ఒక్కో ప్రోగ్రాం రాస్తూ పోయాడు, నేను సంతకాలు చేస్తూ పోయాను. రిపోర్టు ఇంగ్లీషు నాది. బొమ్మలు, పట్టికలు నావి. అక్కడక్కడ ఏదో ఒక చిన్న మార్పు చెప్పేదాన్ని. అలా చెప్పీ చెప్పీ, అది మా ఇద్దరి పని అనుకోవడం మొదలుపెట్టి, చివరికి నా పని అనుకోవడం దగ్గర స్థిరపడ్డాను.

పైగా నాకు కోపం ఎవరి మీదనుకున్నారు? మా సెక్షన్ మేనేజర్ మీద. నా సంతకం ఉన్న రిపోర్టులు పట్టుకుని ఆయన ఢిల్లీ వెళ్లి, పెద్దల ముందు చదివి, శాలువా కప్పించుకుని వచ్చాడు. ఫోటో నోటీసు బోర్డులో పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. "వంటంతా నాది, వడ్డన ఆయనది. ఆడది కదా, దీని మొహానికి పేరెందుకు అనుకుంటారు," అని వారం రోజులు గింజుకున్నాను. ఎవరి దగ్గర గింజుకున్నాను? ఉస్తాద్ దగ్గర! ఆయన సోల్డరింగ్ చేస్తూ, తలెత్తకుండా, "జెర చల్లగుండుండ్రి మేడం. గిదంత మామూలే," అని నన్ను ఓదార్చాడు. ఇప్పుడు తలుచుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అందరూ కాగితాలు పంపుతుంటే నేనూ పంపాను. నేను ఎంచుకున్న దేశం సంస్థకి ఒక ప్రత్యేకత ఉంది. డిగ్రీ ఒక్కటే చూడరు. మీరు స్వయంగా చేసిన పెద్ద పనులు రెండు వివరంగా రాసి, రుజువులు జతచేయమంటారు. నాది ఎలక్ట్రానిక్స్ డిగ్రీ కాబట్టి సాఫ్ట్‌వేర్ నిపుణురాలిని అనిపించుకోవాలంటే ఆ రుజువులే దిక్కు. ఉస్తాద్ ప్రోగ్రాముల్లో బాగా పెద్దవి రెండు తీసి, రిపోర్టులతో సహా జతచేశాను. నేను ఆలోచించాను, నేను రాశాను, నేను నడిపించాను అని ఎనిమిది పేజీలు నింపాను. రాస్తున్నంతసేపూ నాకు ఎక్కడా ఏమీ గుచ్చుకోలేదు. సంతకాలు నావే కదా.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. నిపుణురాలు! సెక్షన్‌లో స్వీట్లు పంచాను. మొదటి ముక్క ఉస్తాద్‌కే ఇచ్చాను.

"ఏమేం పెట్టిన్రు మేడం?" అని అడిగాడు.

"మన టెస్టింగ్ ప్రోగ్రాములే ఉస్తాద్."

"అచ్చా! మన ప్రోగ్రాములు గంత దూరం పోయినయా?" అని ఆయన మొహం వెలిగిపోయింది. నిజంగా సంతోషపడ్డాడు. దానికి కూడా నాకు సిగ్గు వేయలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆయన పనితో ఆయనకే మిఠాయి తినిపించాను.

ఆ ఏడాదే మా సెక్షన్ ఎత్తేస్తున్నారని తెలిసింది. కార్డుల తయారీ బయటివాళ్లకి ఇచ్చేస్తారట, పరీక్షలూ వాళ్లే చేసుకుంటారట. ఆఫీసర్లను వేరే సెక్షన్లకు వేశారు. ఉస్తాద్‌ని స్టోర్స్‌కి వేశారు. స్టోర్స్ అంటే గోడౌన్. లారీలొస్తే పెట్టెలు దింపించుకోవడం, అడిగినవాళ్లకి బోల్టులు తీసివ్వడం. నలభై నాలుగేళ్ల వయసులో, కంప్యూటర్‌ని మాట్లాడించగల మనిషికి అదీ గతి. ఆర్డరు చూసుకున్న రోజు ఆయన మధ్యాహ్నం అన్నం తినలేదు. డబ్బా తెరిచి మళ్లీ మూసేశాడు.

బేగంపేటలో ఒక చిన్న కంపెనీ ఉండేది. సరిగ్గా ఇలాంటి టెస్టింగ్ ప్రోగ్రాములే రాసేవాళ్లు. ఎవరో చెబితే ఉస్తాద్ అక్కడికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక పని ఇచ్చారట. గంటలో చేసి చూపించాడు. వాళ్ల ఇంజనీర్లు లేచి చేతులు కలిపారు. కానీ వాళ్లకి పనులిచ్చే విదేశీ కంపెనీలు, ప్రోగ్రాం రాసే ప్రతి మనిషికీ డిగ్రీ అయినా, ఏదైనా దేశం ఇచ్చిన నైపుణ్యపు సర్టిఫికెట్ అయినా ఉండాలంటాయట. ఆరు నెలల్లో అలాంటి కాగితం తెస్తే ఉద్యోగం మీదేనని చెప్పి పంపారు. మారేడ్‌పల్లి నుంచి బేగంపేట వెళ్లి పనిచేసుకోవడానికి సముద్రం అవతలివాడి అనుమతి! ఇంతకంటే చోద్యం ఉంటుందా?

ఆయన నా దగ్గరికి వచ్చాడు. "మేడం, మీకు సర్టిఫికెట్ ఇచ్చినోళ్లు నాలాంటి ఐటీఐ గాళ్లకు సుత ఇస్తరా?"

"ఎందుకివ్వరు? పనిలో ఏళ్లు ఎక్కువుంటే డిగ్రీ లేకపోయినా చూస్తారు," అన్నాను. ఫారాలు నేనే ప్రింటు తీసి ఇచ్చాను. ఏ గడిలో ఏం రాయాలో నేనే చెప్పాను. మంచిదాన్నని మురిసిపోయాను కూడా. ఆయన పెట్టగల రుజువులు నేను అప్పటికే వాడేసుకున్నవేనన్న సంగతి ఒక్క క్షణం కూడా నాకు తట్టలేదంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి. తట్టి ఉంటే నేను ఇంకా పెద్ద దొంగనై ఉండేదాన్ని.

పై అధికారి నుంచి ఒక లేఖ కావాలి. అది నేనే రాయాలి. సైనిక్‌పురిలో మేం అద్దెకున్న మేడ మీద ఇంట్లో ఒక సెలవు రోజు ఆ లేఖ రాయడానికి కూర్చున్నాను. ‘ఈయన ప్రోగ్రాములు రాశారు’ అని రాయబోయి ఆగాను. అప్పుడు తట్టింది. అవే ప్రోగ్రాములు నేను రాశానని ఎనిమిది పేజీల్లో చెప్పుకున్నాను కదా! చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి ‘ప్రోగ్రాముల తయారీలో అసిస్ట్ చేశారు’ అని రాశాను. మిగతా అంతా పొగడ్తలే. నిజాయితీ, క్రమశిక్షణ, సమయపాలన. గుడిలో పూజారికి ఇచ్చే సర్టిఫికెట్‌లా ఉంది.

ఉస్తాద్ దాన్ని నిలబడే చదివాడు. డిక్షనరీ పట్టుకుని చదువు నేర్చిన మనిషి. ఒక్క మాట వదలడు.

"అసిస్ట్ అని రాసిన్రు మేడం," అన్నాడు.

"అది ఫార్మాట్ ఉస్తాద్. అలాగే రాయాలి."

"ఫార్మాట్ అయితె సరే," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన చేసిన పొరపాటు ఒకటుంది. దాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు. మన దగ్గర గెజిటెడ్ ఆఫీసర్ సంతకం లేకపోతే మన పుట్టిన తేదీని కూడా ఎవడూ నమ్మడు. జిరాక్సు తీసిన ప్రతి కాగితం మీదా ఎవరో ఒక పెద్దమనిషి పచ్చ సిరా గీత గీస్తేనే అది నిజమవుతుంది. అలాంటి దేశంలో పుట్టి పెరిగినవాడు కనుక ఉస్తాద్ తన ప్రోగ్రాముల్లో నా సంతకం స్పష్టంగా ఉన్న కాపీలే ఏరి ఏరి పంపాడు. సంతకం లేని కాపీలు, ఆయన చేతిరాతలో చిత్తు పుస్తకాలు ఇంట్లో పెట్టెడున్నాయి. అవి పంపలేదు. చిత్తు కాగితాలు పంపితే మర్యాదగా ఉండదనుకున్నాడు.

రెండు నెలల తర్వాత నాకు ఈమెయిల్ వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్ ఇంటర్నెట్ సెంటర్‌లో, పక్క సీటులో ఎవరో పిల్లలు గేములు ఆడుతుండగా చదివాను. ‘మీరు సిఫారసు చేసిన వ్యక్తి పంపిన ప్రోగ్రాములు, గతంలో మీరు మీ స్వంత పనిగా పంపినవి అక్షరం పొల్లు పోకుండా ఒకటే. వాటిని రాసినది ఎవరు? మూడు వారాల్లో తెలపండి. తప్పుగా చెప్పుకున్నవారి అర్హత రద్దవుతుంది.’ అంతే. ఎంత మర్యాదగా అడిగారో! దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. పక్కవాళ్లకి కనిపించకుండా ఆ మెయిల్ మూసేసి, డబ్బులిచ్చి బయటపడ్డాను.

విదేశం వెళ్లే సంగతి ఇంకా తేలలేదు గానీ, అప్పటికి నాకు మాదాపూర్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఆ దేశపు పనులే చేస్తారు వాళ్లు. నా సర్టిఫికెట్ చూసే తీసుకున్నారు. ఇక్కడ రాజీనామా కూడా ఇచ్చేశాను. మా ఆయనకి చెప్పాను. ఆయన బ్యాంకు మనిషి, దేన్నీ కంగారుగా చూడడు.

"సంతకం ఎవరిది?" అన్నాడు.

"నాదే."

"దొంగ సంతకం కాదు కదా?"

"ఏవండీ, రాసింది ఆయన."

"వాళ్లు కాగితం మీద అడిగారు, నువ్వు కాగితం మీద చెప్పాలి. కాగితం మీద ఏముందో అది చెప్పు. నువ్వేం అబద్ధమాడక్కర్లేదు."

విన్నారా? ఎంత చక్కటి దారి చూపించాడో. నేను ఆయన్ని తప్పు పట్టను. నేను అడిగింది ఆ దారే. నిజం చెప్పేద్దామని ఎవరైనా అని ఉంటే వాళ్లతో పోట్లాడి ఉండేదాన్ని. రెండు వారాలు నానబెట్టాను. ఆ రెండు వారాలూ ఉస్తాద్ రోజూ కనిపించేవాడు. అప్పటికింకా స్టోర్స్‌కి పూర్తిగా వెళ్లలేదు. "ఇంక ఏం జవాబు రాలే మేడం, టైం పడ్తది గావచ్చు," అనేవాడు. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ, "వస్తుందిలే ఉస్తాద్," అనేదాన్ని. బేగంపేటవాళ్లు ఇచ్చిన గడువుకి ఇంకా రెండు నెలలుంది. ఆయన ఇంట్లో గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకున్నాడని ఆయనే చెప్పాడు.

చివరికి జవాబు రాశాను. ‘మా సంస్థ నియమాల ప్రకారం తయారుచేసినవారి స్థానంలో నా సంతకం ఉంది. నా కింద పనిచేసిన సాంకేతిక సిబ్బంది ఇందులో సహకరించారు. పత్రాలన్నీ అసలైనవని ధ్రువీకరిస్తున్నాను.’ ఒక్క ముక్క అబద్ధం లేదు చూడండి. కోర్టులో నిలబెట్టినా నెగ్గుతాను. పంపిన తర్వాత తేలిగ్గా అనిపించింది, అదీ దారుణం. ఇంటికెళ్లి కందిపొడి వేసుకుని తృప్తిగా అన్నం తిన్నాను.

ఉస్తాద్‌కి ఉత్తరం వచ్చింది. కాదన్నారు. మరొకరి పనిని తనదని చెప్పుకున్నట్టు కనిపిస్తోందని, మూడేళ్ల వరకు మళ్లీ దరఖాస్తు చేయడానికి లేదని రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని ఆయన ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. అంతకుముందు ఎప్పుడూ మా ఇంటికి రాలేదు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"నాదే గల్తీ మేడం. మీ సంతకం ఉంటె వజన్ ఉంటదని అవే పంపిన. అది ఉల్టా కొట్టింది," అన్నాడు.

నేను బిస్కెట్ల పళ్లెం ఆయన వైపు జరిపాను.

"అప్పీలుంది మేడం. నెల టైమిచ్చిన్రు. నా చిత్తు బుక్కులు సుత పంపుత. కని గవొక్కటే సరిపోవంట. ‘ప్రోగ్రాం రాసింది ఇతనే’ అని మీరొక్క లైన్ రాసిస్తె ఖతం. బేగంపేటోళ్లు నిన్న సుత ఫోన్ చేసిన్రు. ఇంక జాగా ఖాళీనే ఉందంట."

ఒక్క లైను. ఆయన అడిగింది నా ఇల్లూ కాదు, వాకిలీ కాదు. మా ఆయన లోపలి గదిలోంచి దగ్గాడు.

"చూస్తాను ఉస్తాద్. రూల్స్ ఎలా ఉన్నాయో కనుక్కోవాలి," అన్నాను.

ఆయన టీ కప్పు కింద పెట్టి, "మీకేమన్న తక్లీఫ్ అయితదంటె వద్దు మేడం. అడుగుదామని వచ్చిన, అంతే," అని లేచాడు. మెట్ల దాకా వెళ్లి సాగనంపాను. బస్టాపు ఎటో చెప్పాను. అంతవరకే నా మర్యాద.

ఆ నెలంతా నేను దాక్కున్నాను. ఉద్యోగం మానేసే ముందు మిగిలిపోయిన సెలవులన్నీ వాడేసుకున్నాను. ఫ్యాక్టరీకి వెళ్లినా స్టోర్స్ వైపు పోలేదు, క్యాంటీన్ మానేశాను. ఆయన ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండునని ఒక్కోసారి అనిపించేది. అడిగితే కోప్పడేదాన్ని, కోప్పడితే కాస్త న్యాయం నా వైపు ఉన్నట్టు ఉండేది. గడువు దాటిపోయింది. ఆ తర్వాత బేగంపేట గడువూ దాటింది.

నా చివరి రోజున చిన్న ఫంక్షన్ చేశారు. సమోసాలు, ఒక గోడ గడియారం. మా సెక్షన్ మేనేజర్ నా గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఎవరో ఉస్తాద్‌ని కూడా స్టోర్స్ నుంచి పిలిపించి, రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మేడంతోని పని జేసుడు మంచిగుండె. మస్తు నేర్చుకున్న," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులు ఊరికే ఉంచితే బాగోదు కదా.

కొత్త ఉద్యోగంలో మొదటి రెండు నెలలు మీటింగులతో గడిచిపోయాయి. మూడో నెల అసలు పని ఇచ్చారు. కంప్యూటర్ నుంచి ఒక యంత్రానికి ఆదేశాలు పంపి, జవాబు తీసుకోవాలి. సర్టిఫికెట్ ప్రకారం అది నాకు వెన్నతో పెట్టిన విద్య. నాలుగు రోజులు తన్నుకున్నాను. ఆదేశం వెళ్తోంది, జవాబు సగమే వస్తోంది. పక్కన కుర్రాళ్లు చూసీ చూడనట్టు నటిస్తున్నారు. అయిదో రోజు అక్కడి మేనేజర్ వచ్చి, "మేడం, మీరు ఇందులో ఎక్స్‌పర్ట్ కదా, ఇంతసేపేంటి?" అన్నాడు నవ్వుతూనే.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక పాత ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. స్టోర్స్ ఇవ్వమన్నాను. అంత సిగ్గుమాలినదాన్ని. ఇంకెవర్ని అడగను?

"నమస్తే మేడం! మంచిగున్నరా?" అన్నాడు ఉస్తాద్. గొంతులో ఏ మార్పూ లేదు. విషయం చెప్పాను. రెండు ప్రశ్నలు అడిగాడు. "జవాబు పూరా రాకముందే మీరు చదివేస్తున్నరు మేడం. జెర ఆగాలె. అది చెప్పేది ఖతమైందని దాని ఆఖరి అక్షరం చూసి తెలుసుకోవాలె. రాసుకోండ్రి," అని ఎక్కడ ఏం మార్చాలో వరుసవారీగా చెప్పాడు. కాగితం లేదు, తెర లేదు, గోడౌన్‌లో నిలబడి బుర్రలోంచి చెప్పాడు. నేను స్కూలు పిల్లలా రాసుకున్నాను.

రాయడం అయ్యాక ఏదో ఒకటి అనాలి కదా అని, "ఉస్తాద్, మీ అప్పీలు సంగతి... నేను అప్పుడు రూల్స్ కనుక్కుందామనే అనుకున్నాను..." అని నసిగాను.

"ఇడిసిపెట్టుండ్రి మేడం," అన్నాడు. మళ్లీ తనే, "వాళ్లు నాకు కాదని రాసిన లెటర్ తోని మీరు పంపిన జవాబు సుత జతచేసి పంపిన్రు. మీ ఇంటికొచ్చిన్నాడు అది నా జేబులనే ఉండె. మీరే రాస్తరేమోనని చూసిన," అన్నాడు.

నేను రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

"ఇంగ్లీష్ మాత్రం మస్తుగ రాసిన్రు. ఒక్క అబద్ధం లేదు," అన్నాడు. వెటకారంగా అనలేదు. డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా చూసి ఉంటాడు. "లారీ వచ్చింది మేడం, పెడ్త," అని ఫోన్ పెట్టేశాడు.

ఆయన చెప్పినట్టు మార్చాను. మొదటిసారికే నడిచింది. సాయంత్రం మా మేనేజర్ అందర్నీ పిలిచి చూపించి, అనుభవం అంటే ఇదీ అన్నాడు. నేను థాంక్యూ అన్నాను.